సొంత టెక్ ఉపాధి పెట్టుకుంటున్నారా? లోన్ దరఖాస్తు కన్నా ముందు ఇది చదవండి

వరంగల్, హనుమకొండ జిల్లాల్లో యాప్, సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ సర్వీసు, చిన్న యంత్రాల తయారీ లాంటి పని సొంతంగా మొదలుపెట్టాలనుకునే యువత, మహిళా సంఘాల సభ్యుల కోసం ఈ సమాచారం. ఇంజినీరింగ్ చదివి ఉండాలని ఏమీ లేదు.

సబ్సిడీ ఎక్కడికి వస్తుంది?

చాలామంది అడిగే మొదటి మాట "సబ్సిడీ ఎంత వస్తది?" అని. అడగాల్సిన మాట వేరే ఉంది: "ఎప్పుడు వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది?"

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) సంగతే చూడండి. ఇందులో సర్వీసు యూనిట్‌కు 20 లక్షలు, తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, మాజీ సైనికులకు పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం సబ్సిడీ. మిగతావారికి 15, 25 శాతం.

లెక్క వేద్దాం. ఒక బీసీ మహిళ హనుమకొండలో 5 లక్షల సర్వీసు యూనిట్ పెడుతున్నారు. సొంత వాటా 5 శాతం, అంటే 25 వేలు. బ్యాంకు ఇచ్చేది 4 లక్షల 75 వేలు. సబ్సిడీ 1 లక్షా 25 వేలు. ఈ సబ్సిడీ డబ్బు ఆమె చేతికి రాదు. బ్యాంకులో ఆమె పేరు మీద డిపాజిట్‌గా 3 ఏళ్లు ఉంటుంది. దాని మీద వడ్డీ రాదు, అంత మేరకు లోన్ మీద వడ్డీ పడదు. 3 ఏళ్లు యూనిట్ నడిస్తేనే అది లోన్‌లో జమ అవుతుంది. మిగిలిన 3 లక్షల 50 వేలకు వడ్డీ 11 శాతం, గడువు 5 ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 7,600 రూపాయల కిస్తీ. కస్టమర్లు ఉన్నా లేకపోయినా కిస్తీ తేదీ ఆగదు.

ముద్ర లోన్‌లో అయితే సబ్సిడీ అసలే లేదు. శిశులో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. అది మొత్తం తిరిగి కట్టాల్సిన అప్పే. "ముద్రలో సగం మాఫీ" అని ఎవరైనా చెప్తే వాళ్ల దగ్గర కూర్చోకండి.

ఊరి లెక్కలో కూడా జాగ్రత్త. 2013లో 42 గ్రామాలు వరంగల్ కార్పొరేషన్‌లో కలిశాయి. మనం ఇప్పటికీ ఊరనే పిలుస్తాం కానీ విలీన గ్రామంలో యూనిట్ పెడితే పట్టణ సబ్సిడీయే వస్తుంది.

ముందు ఒక్క కస్టమర్

అందుకే మా సలహా: లోన్ పెట్టే ముందు మీ పనికి పైసలు ఇచ్చే మనిషిని ఒక్కరినైనా చూసుకోండి. "బాగుంది" అన్న మాట లెక్కలోకి రాదు. 500 రూపాయలైనా చేతిలో పెట్టాలి.

ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారి గురించి విని ఉంటారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో వెళ్తే దారిలోనే ఆలేరు. చీర నేసే ముందు నూలును ఆసు పోయడానికి ఆయన తల్లి లక్ష్మి గారు చేతిని దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ కదపాల్సి వచ్చేది. ఆమె భుజం నొప్పి చూసి 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. ఆయన చదివింది 6వ తరగతి. మధ్యలో డబ్బులు అయిపోయాయి. హైదరాబాద్ వెళ్లి కరెంటు పనిలో కుదిరి, వచ్చిన జీతంలోంచి ఒక్కో భాగం చేసుకుంటూ 1999కి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇంట్లోనే చూసిన కష్టాన్ని పట్టుకున్నారు, చుట్టూ ఉన్న నేతన్నలకే అది కావాలి. ఇక్కడ చూడాల్సింది అదే. 7 ఏళ్లు పట్టింది కదా అని భయపడకండి, యంత్రం వేరు, సాఫ్ట్‌వేర్ వేరు.

మన దగ్గర ఉదాహరణ అనుకుందాం. ఏనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు ఇచ్చే తక్‌పట్టీ కాగితం రైతు దగ్గర పోతుంది, చినుగుతుంది. దాన్ని రైతు ఫోన్‌కు వాట్సాప్‌లో పంపే సర్వీసు పెట్టాలని మీ ఆలోచన. వెంటనే యాప్ తయారు చేయించకండి. వారం రోజులు ఒక్క దుకాణంలో కూర్చుని, మీ ఫోన్‌లో ఎక్సెల్ షీట్ పెట్టుకుని, చేత్తోనే పంపండి. మిర్చి సీజన్‌లో రోజుకు ఎన్ని పట్టీలు వస్తాయి, గుమాస్తా ఏ గంటకు తీరికగా ఉంటాడు, రైతు పేరు తప్పు పడితే ఎవరు సరిచేస్తారు, ఇవన్నీ ఆ వారంలో తెలుస్తాయి. నెల తర్వాత దుకాణం ఓనర్ డబ్బు ఇస్తానంటే అప్పుడు ప్రోగ్రామర్‌ను మాట్లాడుకోండి. ఇవ్వనంటే మీకు పోయింది ఒక నెల బస్సు ఛార్జీలే.

ఈ దశలో కొత్త లాప్‌టాప్, ఏసీ ఆఫీసు, విజిటింగ్ కార్డులు అక్కర్లేదు. ఉద్యోగం ఉంటే మానొద్దు. 6 నెలల ఇంటి ఖర్చు పక్కన ఉన్నాక ఆ మాట ఆలోచించండి. ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా మాత్రం మొదటి రోజే తెరవండి, ఇంటి డబ్బు, పని డబ్బు కలిస్తే లాభమో నష్టమో మీకే తెలియదు.

రిజిస్ట్రేషన్లు: ఏది ముందు?

ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకు మాత్రమే. నడుస్తున్న యూనిట్‌కు రాదు. కాబట్టి ఆ పథకమే మీకు కావాలనుకుంటే యంత్రాలు కొనకముందు, యూనిట్ పేరు మీద బిల్లులు కొట్టకముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి ముందుకెళ్లండి. మీరు పైన చెప్పినట్టు ఒక నెల చేత్తో చేసి చూడటం విచారించుకోవడం కిందికే వస్తుంది, బోర్డు పెట్టి వ్యాపారం నడపడం వేరు.

పీఎంఈజీపీ వద్దనుకుంటే వెంటనే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అవుతుంది, పూర్తిగా ఉచితం. ప్రభుత్వ సైట్ లాగే కనిపించి 2 వేలు, 3 వేలు అడిగే ప్రైవేట్ సైట్లు ఉన్నాయి, వాటిలో కట్టకండి.

కంపెనీ పెట్టాలా? ఒక్కరే ఉంటే మొదట అవసరం లేదు. ప్రైవేట్ లిమిటెడ్ అంటే పని ఉన్నా లేకపోయినా ఏటా ఆడిట్, లెక్కలు దాఖలు చేయాలి. కేంద్రం 2016 జనవరిలో మొదలుపెట్టిన స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే మాత్రం కంపెనీ, ఎల్‌ఎల్‌పీ లేదా రిజిస్టర్డ్ భాగస్వామ్యం ఉండాలి. ఆ గుర్తింపు కాలం కంపెనీ రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క, అందుకని తొందరపడి పెడితే ఖాళీగా గడిచిన రోజులు కూడా అందులో కలుస్తాయి.

జీఎస్టీ విషయంలో తెలంగాణలో సర్వీసులకైనా, సరుకులకైనా ఏడాదికి 20 లక్షల పరిమితి. ఇంటర్నెట్‌లో చదివిన 40 లక్షలు చాలా రాష్ట్రాల్లో సరుకులకు వర్తించేది, మన రాష్ట్రానికి కాదు.

మీ పేరుకు ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. పేరు నలుగురికీ తెలిసాక వేసుకోవచ్చు.

పని చేశాక పైసలు రాకపోతే

చిన్న టెక్ పనులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. పని నచ్చుతుంది, బిల్లు మాత్రం "వచ్చే వారం" అంటారు. సొంత డబ్బుతో నడిపేవారికి రెండు బిల్లులు ఆగితే చాలు, కిస్తీ తప్పుతుంది. అందుకే సగం అడ్వాన్స్ తీసుకోండి. నెలవారీ సర్వీసైతే నెల మొదట్లోనే తీసుకోండి.

దీనికి చట్టం కూడా ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే పని ఇచ్చే నాటికే మీ ఉద్యం నెంబర్ ఉండాలి, బిల్లు మీద రాసి ఉండాలి. ఆర్డర్ వాట్సాప్‌లో వచ్చినా సరే, ఆ మెసేజ్ చెరిపేయకండి.

ఎక్కడికి వెళ్లాలి?

2021లో జిల్లాల పేర్లు మారాక కొంతమంది ఇంకా తప్పు ఆఫీసుకు వెళ్తున్నారు. హనుమకొండ, కాజీపేట మండలాలు హనుమకొండ జిల్లా, ఖిలా వరంగల్ వైపు వరంగల్ జిల్లా. మీ ఆధార్ చిరునామా కాదు, యూనిట్ ఎక్కడ పెడతారో ఆ జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. మహిళలకు హైదరాబాద్‌లోని వీ హబ్ 2018 నుంచి పనిచేస్తోంది. యంత్రం నమూనా చేసుకోవాలంటే టీ వర్క్స్ ఉంది. సంఘం సభ్యులైతే స్త్రీనిధి గురించి మీ సంఘం లీడర్‌ను అడగండి.

వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ, చదువు సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, ఒక పేజీ ప్రాజెక్టు లెక్క తీసుకెళ్లండి. పీఎంఈజీపీలో 5 లక్షలు దాటిన సర్వీసుకు, 10 లక్షలు దాటిన తయారీకి 8వ తరగతి పాస్ అయి ఉండాలి. మీ మొదటి కస్టమర్ ఇచ్చిన డబ్బు ఫోన్‌పేలో వచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంట్ ప్రింట్ కూడా పెట్టండి, బ్యాంకు మేనేజర్ దాన్ని చూస్తారు. దరఖాస్తుకు ఏ పథకంలోనూ ఫీజు లేదు. శాతం లెక్కన కమీషన్ అడిగే మధ్యవర్తికి ఓటీపీ చెప్పకండి, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి.