ఆటల పీరియడ్ అందరికీ

కొండాపురం నుండి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు కాలేజీలకు బస్సులో వెళ్లివచ్చే పిల్లలు రోజంతా కూర్చునే ఉంటారు. ఆటల పీరియడ్‌లో కూడా కబడ్డీ జట్టువారు ఆడతారు, మిగతావారు చూస్తారు. వ్యాయామం ఎక్కువ అవసరం ఆ చూసేవారికే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం 17 ఏళ్ల వరకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఆపై వయసువారు వారానికి కనీసం 150 నిమిషాలు శరీరానికి పని చెప్పాలి. ఇంటర్ పిల్లలు ఎక్కువమంది మొదటి లెక్కలోకే వస్తారు. వారానికి ఒక్క పీరియడ్ ఏమూలకు?

కాలేజీ పి.డి. సార్లకు మేము చెప్పేది ఇది. ఏడాది మొదట్లోనే ప్రతి ఒక్కరి ఎత్తు, బరువు, 600 మీటర్లు నడిచినా పరుగెత్తినా పట్టిన సమయం రాసిపెట్టండి. మొదటి రెండు వారాలు చురుకైన నడక చాలు. తర్వాత కొద్దికొద్దిగా పరుగు, గుంజిళ్లు పెంచండి. మూడు నెలలకు మళ్లీ కొలవండి. ఎవరి పాత లెక్కతో వారినే పోల్చాలి, పక్కవారితో కాదు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. నాలుగు అడుగులకే ఆయాసపడే పిల్లను బద్ధకమని మందలించకండి, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పరుగులో కళ్లు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా వెంటనే ఆపించి డాక్టరుకు చూపించాలి.

మన ఎండలకు వేసవిలో పొద్దున్నే ఆడించడం మేలు. అమ్మలారా, ఆ రోజు పిల్లలను ఖాళీ కడుపుతో పంపకండి, నీళ్ల సీసా మరువకండి.