పడిపోయిన చేతికి పనియే మందు

ధాన్యము ఇండ్లకు చేరు దినములలో మా సంఘ సభ్యులొకరిని పరామర్శింపబోయితిమి. ఆరు నెలల క్రిందట వారికి పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినది. కాలు కొంత కుదుటబడి కర్ర సాయమున నడచుచున్నారు. చేతిని మాత్రము తువాలులో చుట్టి ఒడిలో పెట్టుకొని అరుగుపై కూర్చుండియుండిరి. ఇల్లాలు అన్నము కలిపి తినిపించుచున్నది. కుమారుడు చొక్కా తొడుగుచున్నాడు. ఇరువదియేండ్లుగా సంఘపు పుస్తకములో చేవ్రాలు చేసినవారు ఎడమచేతి బొటనవ్రేలి ముద్ర వేయుచున్నారు. "ఈ చేయి ఇక నాది కాదండీ" అని వారు పలికిన మాటయే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది. ఆ యింటివారి ప్రేమకు కొదువ లేదు. కాని ఆ ప్రేమయే ఆ చేతికి పని లేకుండ చేసినది.

పక్షవాతము చేతిలో పుట్టిన జబ్బు కాదు. మెదడునకు రక్తమును కొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడుటచేత గాని, నాళము చిట్లి రక్తము కారుటచేత గాని మెదడులో కొంతభాగము చెడును. మెదడు ఎడమభాగము కుడిచేతిని, కుడిభాగము ఎడమచేతిని ఆడించును గావున, దెబ్బ ఒకప్రక్క తగిలిన చేయి రెండవప్రక్క పడిపోవును. కాలువకు గండిపడిన చేను ఎండును. తప్పు చేనిది కాదు గదా! నీటిని మరియొక పిల్లకాలువ త్రవ్వి తెచ్చుకొన్నట్లే, మెదడులో చెడక మిగిలిన భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనగలవు. అయితే వాడిన కాలువయే పారును, వాడని కాలువ పూడిపోవును. చేతి సంగతియు అంతియే.

మంచిచేయి దగ్గర నుండగా చెడినచేతితో ఎవ్వరును కష్టపడరు. ఒకటి రెండు మారులు ప్రయత్నించి, చెంబు జారిపడగానే మానుదురు. కొన్నాళ్లకు ఆ చేతిలో బలము కొంత తిరిగివచ్చినను దానిని వాడవలెనను తలంపే పోవును. అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ టాబ్ అను శాస్త్రజ్ఞుడు కోతుల విషయమున దీనిని కనిపెట్టి, మంచిచేతిని కొంతకాలము ఆపి చెడినచేతికి పని నేర్పు పద్ధతిని ఏర్పరచెను. 2006లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరీక్షలో, పక్షవాతము వచ్చి 3 మొదలు 9 నెలలైన 222 మందిని తీసికొనిరి. అందు కొందరికి రెండు వారములపాటు, మేలుకొనియున్న కాలములో చాలభాగము మంచిచేతికి తొడుగు వేసి, చెడినచేతిచే పనులు చేయించిరి. వారి చేతులు తక్కినవారి చేతులకంటె బాగుపడినవి. సంవత్సరము గడచినను ఆ లాభము నిలిచినది. మణికట్టును, వ్రేళ్లను కొంచెమైనను చాపగలవారికే ఈ పద్ధతి తగును. ఇంటిలో ఎవరంతట వారు మంచిచేతిని కట్టివేసికొనరాదు. కర్ర పట్టి నడచువారు పడిపోవుదురు. కాని మూడు నెలలు దాటినవి గనుక ఇక ఆశ లేదనుట సరికాదని ఈ పరీక్షవలన తెలిసికొనవచ్చును.

ఇట్లు పనులచేతనే చేయు చికిత్సకు ఆక్యుపేషనల్ థెరపీ అని పేరు. 1917లో దీనికొక సంఘమును అమెరికాలో స్థాపించినవారిలో జార్జి బార్టన్ అను భవన శిల్పి యొకడు. ఆయన తన ఎడమప్రక్క చచ్చుబడినప్పుడు తోటపనియు వడ్రంగమును చేసి కోలుకొనినవాడు. మనదేశమున కమలా నింబ్కర్ గారు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యను నేర్పు పాఠశాలను నెలకొల్పిరి. ఈ విద్య తెలిసినవారు ముందు అడుగు ప్రశ్న, "మీరు ఏ పని చేసికొనవలెనని కోరుచున్నారు?" అని. ఆ పనినే ముక్కలుచేసి, తేలికయైన ముక్కతో ఆరంభింతురు.

మన యిండ్లలో ఇందుకు కావలసిన సామగ్రి అంతయు కలదు. చేయి కొంచెముగా కదలువారు బల్లపై గుడ్డ పరచి, అరచేయి దానిపై ఉంచి ముందునకు వెనుకకు తుడువవలెను. పట్టు వచ్చినవారు ఖాళీచెంబును ఎత్తి ప్రక్కనపెట్టి విడువవలెను. పట్టుటకంటె విడుచుట పలువురకు కష్టము. తరువాత చాటలో చింతగింజలు, పిమ్మట శనగలు, ఆపైన కందులు ఏరవచ్చును; వేరుశనగకాయలు ఒలువవచ్చును. పిమ్మట రెండుచేతులతో తాడు పేనుట, పలుపు ముడివేయుట. చెంచా కాడకు గుడ్డచుట్టి లావుచేసిన పట్టు చిక్కును. చొక్కా తొడుగునపుడు చెడినచేతిని ముందుగా, విప్పునపుడు కడపట తీయవలెను. ఏ పనియైనను పదిమారులు చేసి ఊరకుండిన చాలదు. ప్రతిదినమును, అలసట చూచుకొనుచు, అనేక పర్యాయములు చేయవలెను. నూనె మర్దనము హాయినిచ్చును గాని చేతికి పని నేర్పదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. రోగిని లేపుటకు చెడినచేతిని పట్టి లాగరాదు. భుజపు కీలు జారి తీరని నొప్పి కలుగును. కూర్చున్నప్పుడు ఆ చేతిక్రింద దిండు ఉంచవలెను. బిగిసిన వ్రేళ్లను మెల్లగా చాపవలెనే గాని విరిచినట్లు లాగరాదు. స్పర్శ తెలియనిచేతిని వేడినీటికి, పొయ్యికి, కొడవలికి దూరముగా ఉంచవలెను. రక్తపోటు మందును డాక్టరు చెప్పక మానరాదు. మూతి వంకరపోయి, చేయి వాలి, మాట తడబడినచో ఆ క్షణముననే పెద్ద ఆసుపత్రికి పోవలెను. గడ్డను కరిగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యదగినది.

అన్ని చేతులును తిరిగిరావు. రానివారికి ఒంటిచేతితో పనులు జరుపుకొను ఉపాయములను ఈ విద్యయే నేర్పును.

మేము చెప్పిన సభ్యులు పిమ్మట ఆసుపత్రికి పోయి చూపించుకొనిరి. వ్రేళ్లలో కొంత కదలిక మిగిలియున్నదని అచ్చట తెలిసినది. తొలిదినమున మూడు వేరుశనగకాయలు ఒలుచుటకు పూటంతయు పట్టినది. రెండు నెలలకు గుప్పెడు కాయలు ఒలుచుచున్నారు. కొడవలి పట్టలేదు, పట్టుదురని మేము చెప్పజాలము. అయినను ముద్ద తానే కలుపుకొనుచున్నారు.

రైతు సోదరులారా! మీ పొరుగున ఇట్టివారుండిన వారి చేను కోతకు సాయపడుడు, ఆసుపత్రికి తోడుపొండు. సంఘ సమావేశమునకు వారిని పిలిచి, పుస్తకమును ఆ చేతిముందే ఉంచుడు. వారు ఆలస్యము చేసినను తొందరపెట్టకుడు. వారి పనిని మనము చేసిపెట్టుట ఒక సాయము. వారు చేయువరకు ఓపికతో కాచుకొనుట అంతకంటె పెద్ద సాయము.