గుండె లయ తప్పినవారికి నిద్ర ఎందుకు ముఖ్యం

గుండె జబ్బుకు సహాయం కోరే కుటుంబాలు ఆపరేషన్‌కు ఎంతవుతుందో చెబుతాయి, నెలనెలా మందుల ఖర్చు చెబుతాయి, పరీక్షల బిల్లులు చూపుతాయి. రోగి రాత్రి ఎలా నిద్రపోతున్నాడన్నది మాత్రం ఆ లెక్కలోకి రాదు. వయసు మీద పడింది, దిగులు ఎక్కువైంది, అందుకే నిద్ర పట్టడం లేదని సరిపెట్టుకుంటారు. కానీ గుండె లయ తప్పినవారి విషయంలో నిద్ర కూడా జబ్బులో ఒక భాగమే. ఈ సంగతి మన దాతలకు, వారి ఇళ్లలోని పెద్దలకు కూడా తెలియాలన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన గుండె రోజుకు సుమారు 1,00,000 సార్లు కొట్టుకుంటుంది. కుడివైపు పై గదిలోని ఒక చిన్న భాగంలో విద్యుత్ సంకేతం పుట్టి, ముందు పై గదులకు, తర్వాత కింది గదులకు వరుసగా చేరుతుంది. మెలకువగా ఉండి విశ్రాంతి తీసుకునేటప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. నిద్రలో అది ఇంకా నెమ్మదిస్తుంది, రక్తపోటు కూడా తగ్గుతుంది. పగలంతా పనిచేసిన గుండెకు కాస్త ఊపిరి సలిపేది రాత్రిపూటే.

ఈ వరుస చెడినప్పుడు లయ తప్పిందంటారు. అలాంటి జబ్బుల్లో తరచుగా కనబడేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇందులో పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి. వాటిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు లేనివారి కంటే ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. మన దేశంలో చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటం పాడై, తక్కువ వయసులోనే దీని బారిన పడిన పేదవారు కూడా ఎందరో ఉన్నారు.

లయ తప్పడం నిద్రను పాడుచేస్తుంది. పడుకోగానే దడ ఎక్కువగా తెలుస్తుంది, ముఖ్యంగా ఎడమవైపు తిరిగినప్పుడు. మళ్లీ దడ వస్తుందేమోనన్న భయమే కొందరిని మేల్కొలిపి ఉంచుతుంది. నీరు పోవడానికి ఇచ్చే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవాల్సి వస్తుంది. గుండె వేగం తగ్గించే కొన్ని మందులు కొందరిలో పీడకలలు తెస్తాయి.

అలాగే నిద్ర చెడితే లయ కూడా చెడుతుంది. దీనికి ముఖ్య కారణం స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగిపోవడం. గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. శ్వాస 10 సెకన్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువసేపు ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మూసుకున్న గొంతుకు ఎదురుగా ఛాతీ గాలి లాగడానికి పెనుగులాడుతుంటే గుండె పై గదుల గోడలు సాగుతాయి. మెదడు ఉలిక్కిపడి మేల్కొలుపుతుంది, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గంటకు 30 సార్లు, అంతకుమించి ఇలా జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ ఇదే జరిగితే గుండె గోడలు మారిపోయి, లయ తప్పడానికి దారి ఏర్పడుతుంది.

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2004లో ప్రచురించిన పరిశీలనలో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో 49 శాతం మందికి స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం కనబడింది. ఇతర గుండె రోగుల్లో అది 32 శాతం. అంతకు ముందు ఏడాది వారే మరో విషయం చెప్పారు. కరెంటు షాక్‌తో లయ సరిచేసిన రోగుల్లో, ఆప్నియాకు చికిత్స తీసుకోనివారిలో 82 శాతం మందికి ఏడాదిలోపే లయ మళ్లీ తప్పింది. చికిత్స తీసుకున్నవారిలో అది 42 శాతమే. ఆ తర్వాత జరిగిన చిన్న పరీక్షల్లో లయకు ఇంత లాభం కనబడలేదన్నది కూడా చెప్పాలి. అయినా ఆప్నియాకు చికిత్స చేస్తే పగటి మగత తగ్గుతుంది, రక్తపోటు కొంత అదుపులోకి వస్తుంది. ఇందులో సందేహం లేదు.

దీన్ని గుర్తించడానికి ముందు ఖర్చేమీ అక్కర్లేదు. ఇంట్లోవారు గమనిస్తే చాలు. పెద్ద గురక పెట్టి, మధ్యలో నిశ్శబ్దమై, తర్వాత ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా? ఫజ్ర్ నమాజుకు లేచేసరికే తలనొప్పిగా ఉంటోందా? పగలు కూర్చున్నచోటే కునుకుతున్నారా? రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేస్తున్నారా? బరువు, రక్తపోటు ఎక్కువగా ఉన్నాయా? వీటిలో రెండుమూడు ఉంటే ఆ మాట గుండె డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆయన నిద్ర పరీక్ష రాస్తారు. ఇప్పుడు చిన్న పరికరంతో ఇంట్లోనే ఈ పరీక్ష చేయించుకోవచ్చు.

జబ్బు తేలితే ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం వాడమంటారు. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ 1981లో ఈ పద్ధతిని లోకానికి తెలిపారు. బరువు తగ్గడం, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోకూడదు. వాటిలో కొన్ని గొంతు కండరాలను ఇంకా సడలించి ప్రమాదం పెంచుతాయి.

రమజాన్‌లో నిద్ర రెండు ముక్కలవుతుంది. తరావీహ్ తర్వాత కొంత, సహరీ తర్వాత కొంత. లయ జబ్బున్నవారు నెల మొదలుకాకముందే డాక్టరును కలిసి, ఉపవాసం ఉండవచ్చో లేదో, మాత్రలు ఏ వేళల్లో వేసుకోవాలో అడగాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందును తమంతట తాము మానరాదు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందన్నది మనకు తెలిసిన విషయమే.

దాతలకు మా విన్నపం ఒక్కటే. ఆపరేషన్‌కు ఇచ్చిన సహాయం కళ్లకు కనబడుతుంది. నిద్ర పరీక్షకు, మాస్కుకు ఇచ్చినది అలా కనబడదు. పరీక్షకు కొన్ని వేల రూపాయలవుతాయి, యంత్రం పదుల వేలలో ఉంటుంది. కూలి పని మీద బతికే ఇంటికి ఆ రెండూ అందనివే. గుండె రోగికి చేయూతనిచ్చేటప్పుడు మందుల చీటీతోపాటు, రాత్రి నిద్ర ఎలా ఉందని కూడా ఒక మాట అడగండి. ఆ మాటతో పరీక్షకు, సరైన చికిత్సకు దారి దొరకవచ్చు.