బండి కదలకుంటే తప్పంతా బ్యాటరీదేనా?

కొత్తది కొనే ముందు రైతులు వరుసగా చూసుకోవలసినవి

వీపనగండ్ల: వరి కోతలు మొదలైతే ఈ మండలంలో బండ్లకు తీరిక ఉండదు. జూరాల ఎడమ కాలువ కింద పండిన వడ్లను కొనుగోలు కేంద్రానికి చేర్చాలన్నా, వనపర్తి మార్కెట్ యార్డుకు వేరుశనగ తోలాలన్నా, పెబ్బేరు సంతకు జీవాలను ఎక్కించుకుపోవాలన్నా ట్రాలీ ఆటో, టాటా ఏస్, పికప్ వంటి చిన్న బండ్లే దిక్కు. 2005లో టాటా ఏస్ వచ్చాక రెండెకరాల రైతు కూడా అప్పుచేసి బండి కొని, సొంత పని పోను కిరాయికి తిప్పుకోవడం మొదలైంది.

అలాంటి బండి లోడు ఎక్కించాక తాళం తిప్పితే ‘టక్ టక్’మని ఆగిపోతుంది. చుట్టూ చేరినవారిలో ఎవరో ఒకరు "బ్యాటరీ పోయింది, కొత్తది ఎయ్యి" అంటారు. కొత్త బ్యాటరీ అంటే వేల రూపాయల మాట. చేబదులు తెచ్చి వేసినా పదిహేను రోజులకే మళ్లీ అదే తంతు అయితే రైతు ఎవరితో చెప్పుకోవాలి? రోగం డైనమోలోనో, ఎర్త్ వైరులోనో ఉంటే కొత్త బ్యాటరీ కూడా పాతదాని బాటే పడుతుంది. అందుకే డబ్బు తీసే ముందు ఒక గంట బండి దగ్గర కూర్చుని చూసుకోవడం మేలు.

తొట్టి, మోటారు లెక్క

బ్యాటరీని పొలం దగ్గరి నీళ్ల తొట్టి అనుకోండి. ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు ఆ తొట్టిలోంచి ఒక్కసారిగా పెద్ద ధారతో వాడుకుంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు డైనమో తొట్టిని మళ్లీ నింపుతుంది. తొట్టి ఖాళీ అయితే తొట్టిని మార్చం గదా! మోటారు పోస్తున్నదా, పైపు పగిలిందా, అడుగున కారుతున్నదా అని చూస్తాం. బండి విషయమూ అంతే.

ముందు కంటితో చూడండి

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటే కరెంటు సరిగా పారదు. క్లాంపును చేతితో తిప్పితే కదలకూడదు. కదిలితే రోగం సగం దొరికినట్టే. ముందుగా మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ క్లాంపు విప్పాలి. వేడి నీళ్లలో తినే సోడా కలిపి చిలుమును కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూడాలి. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, పైన వ్యాజలైన్ రాయాలి.

మైనస్ నుంచి ఛాసిస్‌కు, ఇంజన్‌కు పోయే ఎర్త్ వైరును కూడా వదలవద్దు. బురద దారుల్లో తిరిగే బండ్లకు ఆ బోల్టు దగ్గర తుప్పు పడుతుంది. విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించాలి. డైనమో బెల్టు వదులైనా, పగుళ్లు వచ్చినా ఛార్జింగ్ ఎక్కదు.

శబ్దాన్ని బట్టి

తాళం తిప్పితే లైట్లే వెలగకుంటే టెర్మినల్ ఊడి ఉండవచ్చు, మెయిన్ ఫ్యూజు పోయి ఉండవచ్చు, లేదా బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉండవచ్చు.

‘టక్ టక్’మని వరుసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే బ్యాటరీలో ఛార్జింగ్ తక్కువ, లేదా టెర్మినల్, ఎర్త్ బాగా లేవు.

ఒకేసారి ‘టక్’మని ఆగి, లైట్లు మాత్రం బాగా వెలుగుతుంటే సెల్ఫ్ సొలినాయిడ్, కార్బన్ బ్రష్‌లు, వాటికి పోయే వైరు చూపించాలి.

సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజన్ అందుకోకుంటే బ్యాటరీ జోలికి పోవద్దు. డీజిలు, ఫిల్టరు, పైపులో గాలి వంటివి చూసుకోవాలి.

మీటరు అబద్ధమాడదు

ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే చిన్న మల్టీమీటరు ఊరికి ఒకటి ఉన్నా చాలు. నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. బండ్ల బ్యాటరీలో ఆరు సెల్‌లు ఉంటాయి. ఒక్కోటి రెండు వోల్టులకు కాస్త పైన ఇస్తుంది.

రాత్రి ఆపిన బండికి తెల్లవారి, తాళం తిప్పకముందే బ్యాటరీ రెండు కొనల మీద మీటరు పెట్టాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ, ముందు ఛార్జింగ్ పెట్టించాలి. 10.5 దగ్గరే ఆగి, ఛార్జింగ్ పెట్టినా పైకి రాకుంటే ఒక సెల్ చచ్చినట్టు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే దిగజారకూడదు. నిండుగా ఛార్జింగ్ చేసినా దిగజారితే బ్యాటరీ బలహీనపడినట్టే.

ఇంజన్ నడుస్తుండగా కాస్త రేస్ ఇస్తే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 12.5 దాటకుంటే డైనమో, బెల్టు, వైర్లలో లోపం ఉంది. 15 దాటితే రెగ్యులేటరు చెడింది, బ్యాటరీ ఉడికిపోతుంది. ఈ రెండు సందర్భాల్లో కొత్త బ్యాటరీ వేయడం డబ్బును కాలువలో పోసినట్టే.

ఎర్త్ చూడాలంటే మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన ఇంజన్ ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ వైరు బాగా లేదు.

రాత్రికి రాత్రే ఖాళీ అయితే

సాయంత్రం బాగున్న బండి పొద్దున్నే మొరాయిస్తే ఎక్కడో కరెంటు కారుతున్నది. టేపు, రంగు లైట్లు, ఫోన్ ఛార్జర్ల కోసం తర్వాత కలిపించిన వైర్లనే ముందు అనుమానించాలి. తాళం తీసి, తలుపులు మూసి, మైనస్ క్లాంపు విప్పి, ఆ క్లాంపుకూ టెర్మినల్‌కూ మధ్య చిన్న బల్బు కలపాలి. బల్బు వెలుగుతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాలి. ఏది పీకితే బల్బు ఆరుతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. బల్బు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టరాదు.

ఎండాకాలం జాగ్రత్త

మన పాలమూరు ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. వేడికి బ్యాటరీలో నీరు ఆవిరై పలకలు బయటపడితే అవి మళ్లీ కోలుకోవు. మూతలున్న బ్యాటరీ అయితే ఎండల్లో పదిహేను రోజులకోసారి చూసి, పలకలు మునిగి గుర్తు వరకు ఉండేలా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు పోయరాదు, అందులోని లవణాలు పలకలను తింటాయి. ఆసిడ్ కూడా పోయరాదు, తగ్గేది నీరు మాత్రమే.

చేయకూడని పనులు

ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగిస్తే పేలుతుంది. ఆసిడ్ మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కడిగి ఆసుపత్రికి పోవాలి.

పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టవద్దు. వైర్లు కాలి బండే అంటుకోవచ్చు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించే పాత పద్ధతి మానాలి, డయోడ్లు కాలిపోతాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో కంప్యూటరు కూడా దెబ్బతినవచ్చు. ట్రాలీకి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పాలి.

ఇంకో బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ప్లస్‌కు ప్లస్ కలిపి, మంచి బండి మైనస్ నుంచి వచ్చే వైరు చివరి కొనను ఆగిన బండి ఇంజన్ ఇనుముకు బిగించాలి.

మార్చక తప్పకుంటే

పూర్తిగా ఛార్జింగ్ చేయించి, ఒక రాత్రి వదిలినా వోల్టు నిలవకుంటే అప్పుడు మార్చాలి. బండికి చెప్పిన ఆంపియర్లదే తీసుకోవాలి. తయారీ తేదీ చూసుకుని, వారంటీ కార్డు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చి ధర తగ్గించుకోవాలి. అందులోని సీసం విషం, పొలంలోనో చెరువులోనో పడేయరాదు. పాత బ్యాటరీలు సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

పని లేని రోజుల్లో బండిని నెలలు నిలిపితే మైనస్ వైరు విప్పి ఉంచండి, నెలకోసారి ఛార్జింగ్ పెట్టించండి. కోతలకు వారం ముందే ఒకసారి మీటరు పెట్టి చూసుకుంటే, వడ్ల బస్తాలు ఎక్కించాక బండిని తోసే బాధ తప్పుతుంది.