ఫార్మాట్ చేయించే ముందు

పదేళ్లు దాటిన కంప్యూటర్ మన ఇళ్లలో ఇంకా చాలాచోట్ల పనిచేస్తూనే ఉంది. పిల్లల పాఠాలు, ఇంటి లెక్కలు, నికాహ్ ఫోటోలు, నేడు మన మధ్య లేని పెద్దల గొంతులు దానిలోనే భద్రంగా ఉంటాయి. ఒకనాడు హఠాత్తుగా తెర నీలంగా మారుతుంది; తెల్లని అక్షరాలు మెరిసి మాయమవుతాయి; యంత్రం తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. రిపేరు దుకాణంలో తరచుగా వినిపించే సలహా ఒక్కటే: "ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేద్దాం."

ఆ మాటకు వెంటనే తల ఊపవద్దని మా మనవి. సి డ్రైవును ఫార్మాట్ చేస్తే అందులోనిదంతా పోతుంది. డెస్క్‌టాప్‌పై మనం దాచుకున్నవి మామూలుగా ఉండేది ఆ డ్రైవులోనే. పైగా లోపం యంత్రంలో ఉంటే కొత్త విండోస్ కూడా అలాగే కూలిపోతుంది.

నీలితెర నిజానికి ఒక రక్షణ ఏర్పాటు. సరిదిద్దుకోలేని పొరపాటు తలెత్తినప్పుడు, నష్టం పెరగకుండా విండోస్ తన పనిని తానే నిలిపివేస్తుంది. తెరపై కనిపించే స్టాప్ కోడ్‌ను ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోవాలి. విండోస్ 7 మొదలయ్యేటప్పుడు ఎఫ్8 మీట నొక్కితే వచ్చే పట్టికలో, తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆపే ఎంపిక ఉంటుంది.

కోడ్ కంటే ముందు గమనించవలసింది, యంత్రం ఎప్పుడు ఆగుతున్నదన్న సంగతి. అరగంట వాడిన తరువాతే ఆగుతుంటే వేడిని అనుమానించాలి. ప్రాసెసర్‌పై ఉండే ఫ్యానులో దుమ్ము అట్టకట్టి ఉండవచ్చు. దాని కింది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. సేఫ్ మోడ్‌లో సవ్యంగా నడుస్తుంటే ఏదో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ చెడిందని అనుకోవచ్చు. వేళాపాళా లేకుండా, ప్రతిసారీ వేరే కోడ్‌తో ఆగుతుంటే ర్యామ్‌ను చూడాలి. కరెంటు తీగ పూర్తిగా తీసివేసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, ర్యామ్‌ను బయటికి తీయాలి. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు దులిపి, క్లిప్పులు పడేదాకా తిరిగి అమర్చాలి. చాలాసార్లు ఇంతటితోనే సమస్య తీరుతుంది. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఇంట్లో విప్పరాదు. తీగ తీసిన తరువాత కూడా దానిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

హార్డ్ డిస్క్ నుండి టిక్ టిక్ మనే శబ్దం వస్తుంటే పరీక్షలన్నీ పక్కన పెట్టాలి. చెక్ డిస్క్ కూడా నడపరాదు. కొన ఊపిరితో ఉన్న డిస్కుపై అది మరింత భారం మోపుతుంది. లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను మరొక కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌పై సిద్ధం చేసుకుంటే, విండోస్ జోలికి పోకుండానే పాత యంత్రాన్ని తెరవవచ్చు. ముందుగా ఫోటోలను, ఆ తరువాతే మిగిలినవాటిని బయటి డిస్కుకు ఎక్కించుకోవాలి.

బాగుపడిన యంత్రంపై బ్యాంకు వ్యవహారాలు నడపడం మాత్రం మాకు సమ్మతం కాదు. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిశాయి.

దుకాణానికి పంపక తప్పనప్పుడు హార్డ్ డిస్కును ఇంట్లోనే ఉంచుకోవచ్చు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో అది సాధారణంగా నాలుగు స్క్రూలు, రెండు తీగల పని. ఫ్యాను, ర్యామ్, పవర్ సప్లైలను పరీక్షించడానికి మెకానిక్‌కు మన కుటుంబ ఫోటోలతో పనిలేదు.