మందుకు తోడు గంజి

కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు, ఊరికే చెమట, గాలి తగిలితే చాలు వణుకు. ఇలాంటి మనిషి కోసం సుమారు 1,800 ఏళ్ల కిందట చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ రాసిపెట్టిన కషాయంలో ఐదే దినుసులు. దాల్చిన జాతి చెట్టు కొమ్మలు, పియోనీ పూలమొక్క వేరు, అతిమధురం, పచ్చి అల్లం, 12 ఎండు రేగుపళ్లు. 7 కొలతల నీళ్లు పోసి 3 కొలతలు మిగిలేదాకా సన్నసెగ మీద కాచి, అందులో ఒక కొలత తాగించమన్నాడు.

అంతవరకే అయితే అదొక మామూలు కషాయం. తాగిన కాసేపటికి వేడివేడి పల్చటి గంజి ఓ గ్లాసుడు తాగాలట. దుప్పటి కప్పుకుని సుమారు రెండు గంటలు పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమర్చాలి తప్ప ధారలు కట్టకూడదు, కడితే జబ్బు వదలదు. ఒక్క మోతాదుకే నెమ్మదిస్తే మిగిలిన కషాయం పక్కన పెట్టేయాలి. పచ్చివి, చల్లనివి, జిగురుగా ఉండేవి, మాంసం, మద్యం, పాలతో చేసినవి ముట్టకూడదు. చదువుతుంటే పక్కింటి ముసలమ్మ పథ్యం చెబుతున్నట్టే ఉంటుంది.

మధ్యలో గంజి ఎందుకు? చెమట పట్టాలంటే సత్తువ కావాలి, ఆ సత్తువ పొట్టలోంచే రావాలి అన్నది వాళ్ల లెక్క. జబ్బును బయటికి నెట్టేది కషాయం, నెట్టడానికి బలమిచ్చేది గంజి. మన ఆయుర్వేదంలో తేనె, నెయ్యి, వేడినీళ్లు అనుపానంగా చేసే పనికి ఇది దగ్గరి చుట్టం. తూర్పు ఆసియా ఆహారవైద్యం అనగానే జిన్‌సెంగ్ వేర్లూ, పక్షిగూళ్ల సూపులూ గుర్తొస్తాయి గానీ, నన్నడిగితే ఆ విద్యంతా ఈ గంజి చుట్టూ పెట్టిన షరతుల్లోనే ఉంది. ఎవరికి, ఎప్పుడు, దేనితో, ఎంతదాకా అన్నవే ఆ షరతులు.

చైనా ప్రాచీన గ్రంథం ‘జౌ లి’ ఆస్థాన వైద్యుల్ని నాలుగు రకాలుగా చెబుతుంది. చివరివాడు పశువైద్యుడు, మొట్టమొదటివాడు ఆహారవైద్యుడు. రాజుగారి పళ్లెంలో అన్నం వసంతంలా గోరువెచ్చగా, పులుసు ఎండాకాలంలా వేడిగా ఉండేలా చూసుకోవడం ఆయన ఉద్యోగం. 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే వైద్యుడు, ముందు తిండితో నయం చేయబోవాలి, కుదరకపోతేనే మందు జోలికి పోవాలి అని తేల్చేశాడు. గొంతు ఉబ్బే గాయిటర్‌కు సముద్రపు నాచు, గొర్రె థైరాయిడ్ గ్రంథి వాడాడు. రేచీకటికి కాలేయం తినిపించాడు. అయోడిన్‌ను కనిపెట్టింది 1811లో, విటమిన్ ఎ అయితే 20వ శతాబ్దంలో. ఆ లెక్కన ఆయన గురి మెచ్చుకోదగ్గదే. అక్రోటు గింజ మెదడులా ఉంది కాబట్టి మెదడుకు మంచిదనే బాపతు నమ్మకాలూ ఈ సంప్రదాయంలో ఉన్నాయి. రెండింటినీ ఒకే గాట కట్టలేం.

వేడి చేసేవి, చలవ చేసేవి అనే పంపకం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అక్కడా అంతే, కాకపోతే జతలు మారతాయి. పీత చలవ, అందుకే అల్లం తరుగు వేసిన వెనిగర్‌లో అద్దుకుని తింటారు. దురియన్ పండు వేడి, దాని వెంటే చలవచేసే మాంగోస్టీన్ తినాలంటారు. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వీధుల్లో వేడి చేసినవాళ్ల కోసం చేదు మూలికల టీ అమ్మే దుకాణాలు ప్రత్యేకంగా ఉంటాయి.

కొరియా వాళ్లు మాత్రం మనల్ని కంగారు పెడతారు. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్యదాకా ఎండలు మండే రోజుల్లో ‘బోక్’ అని మూడు రోజులుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘సామ్‌గ్యేతాంగ్’ కోసం హోటళ్ల ముందు బారులు తీరతారు. మనిషికో చిన్న కోడిపిల్ల. దాని పొట్టలో జిగురు బియ్యం, వెల్లుల్లి రెబ్బలు, రేగుపళ్లు, ఒక జిన్‌సెంగ్ వేరు కూరి, కాళ్లు ముడివేసి ఉడికిస్తారు. నల్లటి మట్టిపాత్రలో ఇంకా కుతకుతలాడుతుండగానే తెచ్చి ముందు పెడతారు. చెమటలు కక్కుతూ తింటారు. ఎండ ఒంటి వేడంతా చర్మం మీదికి లాగేస్తుంది, లోపల పొట్ట చల్లబడుతుంది, అందుకే లోపలికి వేడి పంపాలి అని వాళ్ల సమర్థన. మజ్జిగ తాగి పెరిగిన నాకిది ఓ పట్టాన మింగుడుపడదు.

బాలింత దగ్గరికొచ్చేసరికి మళ్లీ అందరం ఒక్కటే. చైనాలో నెల రోజులు చన్నీళ్లు తాకనివ్వరు, గాలి తగలనివ్వరు. కాంటనీస్ ఇళ్లలో అల్లం, తీపి నల్ల వెనిగర్, పంది కాళ్లు, కోడిగుడ్లు కలిపి పెద్ద కుండలో మరిగించి, బంధువులకూ పంచుతారు. తైవాన్‌లో నువ్వులనూనెలో అల్లం వేయించి చేసిన కోడి పులుసు. కొరియాలో సముద్రపు నాచు పులుసు, దాన్నే తర్వాత ఏటా పుట్టినరోజున తింటారు. మన వెల్లుల్లి కారం, నువ్వులనూనె వీటి పక్కన ఇట్టే ఇమిడిపోతాయి. ఒక్క జాగ్రత్త: నాచులో అయోడిన్ మోతాదు మించితే తల్లికీ, పాలు తాగే బిడ్డకూ థైరాయిడ్ ఇబ్బంది రావచ్చు.

చిక్కంతా తిండిని షరతుల్లోంచి ఊడబెరికి సీసాలో పెట్టినప్పుడే. ఒక రకం బూజుతో పులియబెట్టిన ఎర్ర బియ్యాన్ని చైనా, జపాన్‌లలో రంగుకోసం, సారాయి కోసం, అరుగుదలకోసం వందల ఏళ్లుగా వాడుతున్నారు. కొలెస్ట్రాల్ తగ్గించే లోవాస్టాటిన్ మందులో ఉండే రసాయనమే అందులోనూ ఉంది. దాంతో మాత్రలు చేశారు. 2024 మార్చిలో జపాన్‌లో అలాంటి మాత్రలు వాడినవాళ్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయని బయటపడి, సరుకు వెనక్కి రప్పించారు. తయారీలో చేరిన వేరే బూజు విషం మీదికి అనుమానం మళ్లింది. అది లేకపోయినా, ఇప్పటికే స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లు వీటిని కలిపితే ఒకే మందు రెండుసార్లు మింగినట్టే. అతిమధురం కూడా ఎక్కువైతే రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

చైనా ఆరోగ్య శాఖ 2002లో ఇటు తిండిగానూ అటు మందుగానూ పనికొచ్చే 87 పదార్థాలతో జాబితా వేసింది. అల్లం, రేగుపళ్లు, ఇప్పుడు మన సూపర్ మార్కెట్లకు దిగిన గోజీ బెర్రీలు అందులో ఉన్నాయి. మనం నేతిలో వేయించుకు తినే మఖానా గింజ కూడా ఉంది. అక్కడి వైద్యులు దాన్ని విరేచనాలు కట్టడానికి వాడతారు, మలబద్ధకం ఉన్నవాళ్లకు వద్దంటారు. బరువు తగ్గాలని గిన్నెలకొద్దీ లాగించేవాళ్లకు ఆ ముక్క ప్యాకెట్ మీద ఎక్కడా కనిపించదు.