సూదిమందు చుట్టూ ఉన్న గాలి

ఖతర్ ద్వీపకల్పానికి ఉత్తరపు కొసన, దోహాకు నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో, అల్ రువైస్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. వేసవి మొదట్లో వాయవ్యం నుండి వీచే షమాల్ గాలి సన్నటి ఎడారి దుమ్మును మోసుకొస్తుంది. కంటికి కనిపించే దుమ్మును తుడవవచ్చు. సూదిమందు కలిపే ఫార్మసిస్టుకు అసలు చిక్కు కనిపించని దుమ్ముతోనే.

మింగిన మందుకు జీర్ణాశయపు ఆమ్లం, పేగు గోడ, కాలేయం అడ్డు నిలుస్తాయి. నరంలోకి ఎక్కించే మందుకు ఆ కాపలా లేదు. గాలిలో సూక్ష్మజీవులు విడిగా తిరగడం కన్నా చర్మపు పొలుసులనో, దుమ్ము రేణువులనో అంటిపెట్టుకుని ప్రయాణించడమే ఎక్కువ. అందుకే రేణువుల లెక్క శుభ్రతకు కొలమానమైంది. మందు కలిపే చోట ఘనపు మీటరు గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకు మించిన రేణువులు 3,520 దాటకూడదు. ఇది ఐఎస్ఓ 5వ తరగతి. దాని చుట్టూ ఉన్న గదికి (7వ తరగతి) హద్దు 3,52,000.

ఈ శుభ్రతకు మూలం హెపా ఫిల్టర్. అది కేవలం జల్లెడ కాదు. పెద్ద రేణువులు గాలితోపాటు మలుపు తిరగలేక దాని పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడి చిక్కుకుంటాయి. రెంటికీ నడుమ, 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్నవే తప్పించుకోవడంలో నేర్పరులు. వాటిలోనూ 99.97 శాతాన్ని పట్టాలన్నది నియమం.

వడకట్టిన గాలి సుడులు తిరగకూడదు. ఒకే దిశలో సమంగా సాగే గాలితో రేణువులను ఊడ్చేయవచ్చని 1960ల మొదట్లో అమెరికా సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ చూపాడు. ఫిల్టర్ నుండి వచ్చే గాలి మొదట తాకవలసింది సీసా మూతిని, సూది మొనను. మధ్యలో చెయ్యి అడ్డొస్తే, ఆ చేతిని తాకిన గాలే మందును చేరుతుంది. గది పీడనం బయటికన్నా కాస్త ఎక్కువగా ఉండాలి. అప్పుడు తలుపు తెరిచినా గాలి బయటికే పోతుంది. కాన్సర్ మందుల గదిలో ఇది తిరగబడుతుంది. అక్కడ మందు ఆవిరి సిబ్బందికి సోకకుండా పీడనాన్ని తగ్గించి, ముందుగదిలో శుభ్రమైన గాలిని ఎక్కువ పీడనంతో నింపుతారు.

ఈ నియమాలు పట్టించుకోకపోతే ఏమవుతుందో 2012లో తెలిసింది. మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లాండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడ్డారు, 64 మంది మరణించారు. శుభ్రగదిలో ఎయిర్ కండిషనింగ్‌ను రాత్రిళ్ళు ఆపేసేవారని తనిఖీ అధికారులు నమోదు చేశారు. ఉష్ణోగ్రత, తేమ అదుపు తప్పితే బూజుకు అదే అనువు.

ఎడారిలో బయటి దుమ్మును ఫిల్టర్లు ఆపగలవు, వాటిని సమయానికి మారుస్తున్నంత కాలం. కానీ శుభ్రగదిలో రేణువులను అన్నిటికన్నా ఎక్కువగా రాల్చేది మనిషే. అందుకే తొడుగులు, నెమ్మదైన కదలికలు, ప్రతిరోజూ పీడనమాపకం వైపు ఒక చూపు. రోగి ఎప్పటికీ చూడని ఆ గదిలో అతని రక్షణ ఈ అలవాట్ల మీదే నిలిచి ఉంటుంది.